మేడమీది తీగ

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి కారణముగా పాఠశాలలు మూతపడినవి. ఆ దినములలో దూరదర్శన్ వారు సప్తగిరి ఛానెలులో విద్యార్థులకు పాఠములు ప్రసారము చేయుచుండిరి. మా మనుమరాలు అప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. మాది సముద్రతీరమునకు చేరువనున్న గ్రామము. ఇంటర్నెట్టు మా వీధికి అంతంతమాత్రమే. కావున మేడమీది డిష్ ద్వారా వచ్చు పాఠములే ఆ పిల్లకు బడి.

శ్రావణమాసపు వానలతో చిక్కు వచ్చినది. తెరమీది బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవును. మాట నడుమ తెగిపోవును. పిమ్మట "సిగ్నలు లేదు" అను అక్షరములు మాత్రమే నిలుచును. దట్టమైన వాన కురియునప్పుడు ఆకాశమునుండి వచ్చు తరంగములు కొంత క్షీణించుట సహజము. వాన వెలియగానే అవి తిరిగి రావలెను. మా యింటనో, రెండు దినములు ఎండ కాచినను బొమ్మ నిలువలేదు. కొన్ని ఛానెళ్లు వచ్చుచు, కొన్ని రాకుండుట మరింత వింతగా తోచెను.

"తాతయ్యా, నేడు కూడ లెక్కల పాఠము సగములోనే పోయినది" అని పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. నేను తొందరపడితిని. పెట్టె చెడినదని నిశ్చయించుకొని, పట్టణమునకు పోయి క్రొత్త సెట్‌టాప్ బాక్సు కొని తెచ్చితిని. దుకాణదారుడు నన్నొక్క ప్రశ్నయైనను అడుగలేదు, నేనును ఆలోచింపలేదు. క్రొత్త పెట్టె పెట్టినను పాత కథయే.

అప్పుడు మా యూరి మెకానిక్కును పిలిపించితిని. అతడు నా పూర్వవిద్యార్థి. సంధులు విడదీయుమన్నచో తల వంచుకొని నిలుచువాడు. అతడు వచ్చి దేనిని గూర్చియు తీర్పు చెప్పలేదు. సంచిలోనుండి రెండు మీటర్ల క్రొత్త తీగ తీసి, పెట్టెను, చిన్న టీవీని మేడమీదికి చేర్పించి, డిష్ ప్రక్కననే కలిపెను. బొమ్మ అద్దమువలె వచ్చినది!

"మాస్టారూ, డిష్ బాగున్నదండి. పెట్టెయు బాగున్నది. ఈ రెంటికి నడుమనున్నదే చెడినది" అనెను.

నడుమనున్నది కో-యాక్సియల్ కేబుల్ అను నల్లని తీగ. దానిని అడ్డముగా కోసి చూచిన నాలుగు పొరలు కానవచ్చును. నట్టనడుమ ఒక లోహపు తీగ; దానిచుట్టు నురుగువంటి తెల్లని ప్లాస్టిక్; దానిపై లోహపు రేకు, సన్నని తీగల అల్లిక; అన్నిటికిని పైన నల్లని తొడుగు. నడిమి తీగకును, చుట్టునున్న అల్లికకును ఇరుసు ఒక్కటే యగుటచే దానికా పేరు కలిగినది. తరంగము ఈ రెంటి నడుమనుండు తెల్లని పొరలో పయనించును. బయటి అల్లిక కోటగోడవలె లోని తరంగమును బయటికి పోనీయదు. బయటి తరంగమును లోనికి రానీయదు. ఇట్టి తీగకు 1880లో ఇంగ్లండులో పేటెంటు పొందినవాడు ఆలివర్ హెవిసైడ్. పదునారవ యేట బడి విడిచి, టెలిగ్రాఫు ఉద్యోగము చేసి, స్వయంకృషితో ఉన్నత గణితము నేర్చిన మహామేధావి.

ఉపగ్రహము భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున నున్నది. అంత దూరమునుండి వచ్చు తరంగము డిష్‌ను చేరునప్పటికే మిక్కిలి బలహీనము. డిష్ ముందరి పరికరము దానిని బలపరచి, 950 మొదలు 2150 మెగాహెర్ట్‌జుల వరకు గల తరంగములుగా మార్చి క్రిందికి పంపును. ఆ పరికరమునకు కావలసిన 13 లేక 18 వోల్టుల విద్యుత్తు ఈ తీగ వెంటనే పైకి పోవును. మంచి ఆర్జీ-6 తీగలోనే, 1000 మెగాహెర్ట్‌జుల యొద్ద, పదునైదు మీటర్లు సాగునప్పటికి తరంగశక్తి దాదాపు సగమగును. పౌనఃపున్యము పెరిగినకొలది నష్టము హెచ్చును. మాకు కొన్ని ఛానెళ్లే ముందుగా మాయమగుటకు కారణమిదియే.

మా యింటిది ఆర్జీ-6 కాదు. పూర్వము వీధి కేబుల్ టీవీ కొరకు వేసిన సన్నని ఆర్జీ-59. డిష్ పెట్టిననాడు ఖర్చు కలిసివచ్చునని నేనే దానిని ఉంచుమంటిని. పిట్టగోడ యొద్ద ఎండకు తొడుగు బీటలు వారినది. మరియొకచోట రెండు ముక్కలను మెలిపెట్టి, టేపు చుట్టి యుండిరి. ఆనాడు సంధులు రాని విద్యార్థి ఆ సంధిని విడదీసి చూపెను. లోపల పచ్చని చిలుము! అల్లిక వేలితో నలుపగా పొడియైనది. కోసిన కొననుండి నీటిబొట్టు రాలినది. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఆ అల్లిక వాననీటిని పీల్చి, మీటర్ల కొలది లోనికి కొనిపోయినది. నీరు చేరినచోట తరంగము కొంత వేడిగా మారి నశించును. కొంత గోడకు తగిలిన కేకవలె వెనుకకు మరలును. ఉప్పుగాలి ఈ నాశమును త్వరపెట్టును.

అతడు పాత తీగనంతయు లాగివేసి, నడుమ అతుకు లేకుండ క్రొత్త ఆర్జీ-6 తీగను ప్లాస్టిక్ గొట్టములో పరచెను. కొనలకు కనెక్టర్లు బిగించి, రబ్బరు తొడుగులు వేసెను. గోడలోనికి పోవుచోట తీగను కొంచెము క్రిందికి వ్రేలాడునట్లు వంచి విడిచెను; వాననీరు ఆ వంపునుండి నేలకు జారునే గాని యింటిలోనికి రాదు. కలుపునంతసేపు పెట్టెకు కరెంటు తీసివేయించెను. తీగకును, కూలికిని కలిపి అయిన ఖర్చు నేను కొన్న పెట్టె వెలలో సగమైనను లేదు.

ఆ రాత్రియే మరల వాన కురిసినది. మరునాటి ఉదయము లెక్కల పాఠము ఆసాంతము వచ్చినది. అంతకుముందు తప్పిపోయిన పాఠములను మా మనుమరాలు పొరుగింటి స్నేహితురాలి పుస్తకము చూచి వ్రాసికొన్నది. చిలుము పట్టిన తీగముక్కను మాత్రము ఆమె పారవేయనీయలేదు. బడి తెరచిన పిమ్మట తరగతిలో చూపుటకై పెట్టెలో దాచుకొన్నది.