రాయి తీసిన చోట: భట్టీ గనులు చెప్పే పాఠం

రైలు పట్టాల కింద పరిచిన కంకర ఎక్కడో ఒక గుట్టను తవ్వితే వచ్చిందే. తవ్వకం ఆగిపోయాక ఆ గుట్ట ఏమవుతుంది? అక్కడ బతికిన జంతువులు, పక్షులు ఏమవుతాయి? ఢిల్లీ దక్షిణ అంచున, ఆరావళి కొండల్లో ఉన్న భట్టీ గనులను చూస్తూ ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుదాం.

భట్టీలో దొరికే ఎర్రటి ముతక ఇసుకకు బదర్‌పూర్ ఇసుక అని పేరు. ఢిల్లీలో ఎన్నో ఇళ్లు దానితోనే లేచాయి. ఇసుక పోయిన చోట లోతైన గోతులు మిగిలాయి. 1986లో పక్కనే ఉన్న అసోలా ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించి, 1991లో భట్టీని కూడా అందులో కలిపారు. 2000 ప్రాంతంలో టెరిటోరియల్ ఆర్మీకి చెందిన పర్యావరణ దళం అక్కడ మొక్కలు నాటే పనికి దిగింది. మాజీ సైనికులే ఆ దళంలో ఎక్కువ.

నష్టాన్ని ఎలా కొలుస్తారు?

ముందుగా, పోల్చడానికి తవ్వని గుట్ట ఒకటి దగ్గరలో ఉండాలి. అక్కడ ఏయే చెట్లు, జంతువులు ఉన్నాయో చూసి, తవ్విన చోట ఏవి లేవో రాసుకుంటారు. ఒక్కసారి చూస్తే చాలదు. ఎండాకాలంలో కనిపించని కప్ప వానలకు బయటికొస్తుంది, కొన్ని పక్షులు చలికాలంలోనే వలస వస్తాయి. జంతువు కంటబడకపోయినా అడుగుజాడ, పేడ, రాలిన ముళ్లపంది ముల్లు దాని ఉనికిని చెబుతాయి. రాత్రిపూట తిరిగేవాటి కోసం ఆటోమేటిక్ కెమెరాలు పెడతారు. అసోలా భట్టీలో ఇటీవలి సంవత్సరాల్లో అలాంటి కెమెరాలకు చిరుతలు చిక్కాయి.

క్వారీ ఇంకా నడుస్తుంటే పేలుళ్ల చప్పుడు, ఆకుల మీద పేరుకునే దుమ్ము, రాత్రి దీపాలు, జంతువులు నీటికి వెళ్లే దారిని కోసేసే లారీ రోడ్లు కూడా లెక్కలోకి వస్తాయి. తవ్విన గొయ్యి చిన్నదైనా నష్టం దాని గట్టు దగ్గర ఆగదు.

పచ్చగా ఉంటే చాలా?

భట్టీకి వెళ్తే చాలాచోట్ల పచ్చదనం కనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం విలాయతీ కీకర్. మన ఊళ్లలో దీన్నే సర్కారు తుమ్మ అంటాం. 19వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి మన దేశానికి వచ్చింది. బీడు నేలలో కూడా ఇట్టే పెరుగుతుంది. నీల్‌గాయ్, అంటే మన మనుబోతు, దీని కాయలు తిని గింజలను దూరదూరాలకు చేరుస్తుంది. అయితే దీని కింద ఇతర మొక్కలు సరిగా ఎదగవు. అందుకే నాటిన మొక్కల సంఖ్య ఒక్కటే చూసి నేల కోలుకుందని చెప్పలేం. ఎన్ని రకాలు బతికాయి, వాటి గింజల నుంచి కొత్త మొలకలు వస్తున్నాయా, పురుగులు, పక్షులు తిరిగొచ్చాయా అని అడగాలి.

ఆరావళికి సొంతమైన ధౌ చెట్టు రాతి పగుళ్లలోకి వేళ్లు దింపుతుంది. మోదుగ, రేగు, తెల్లతుమ్మ కూడా ఇక్కడివే. సర్కారు తుమ్మను ఒక్కసారిగా నరికేస్తే నేల మళ్లీ బోసిపోతుంది. పైకొమ్మలు కొట్టి వెలుగు పడనిచ్చి, కింద స్థానిక మొక్కలను పెంచడం ఒక పద్ధతి.

అన్నిటికంటే ముందు కావలసింది పైమట్టి. గింజలు, సూక్ష్మజీవులు ఉండేది అందులోనే. ఇనుము, సున్నపురాయి వంటి ఖనిజాల గనుల్లో దాన్ని విడిగా దాచి, తిరిగి నేలను బాగు చేయడానికి వాడాలని 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలు చెబుతున్నాయి. పైమట్టి పోగొట్టుకుంటే ఎన్ని మొక్కలు నాటినా రాతి మీద నాటినట్టే.

గోతులను పూడ్చాలా?

ఇది తేలిక ప్రశ్న కాదు. భట్టీ గోతుల్లో నీరు నిలిచి చెరువులయ్యాయి. వాటిలో ఒకటి నీలీ ఝీల్. అక్కడ నీటి పక్షులు వాలతాయి. నిటారు మట్టిగోడల్లో లకుముకి పిట్ట బొరియ చేసుకుంటుంది, రాతి అరల్లో పెద్ద గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. అన్నీ చదును చేస్తే ఈ గూళ్లు పోతాయి. అలాగే వదిలేస్తే మనుషులకూ పశువులకూ ప్రాణభయం. కాబట్టి కొన్ని గట్లను వాలుగా మలచి, కొన్నిటిని కంచె వేసి వదలడం మేలు. ఏ గోడను ఉంచాలో, ఏది తీయాలో సర్వే చేశాకే తేల్చాలి. క్వారీ నీటిలోకి మీరు ఎప్పుడూ దిగకండి. ఒడ్డు నుంచే లోతు మొదలవుతుంది.

కొత్త మాటలు
పైమట్టి: నేల పైపొరలోని సారవంతమైన మట్టి.
బీడు: సాగు లేక వదిలేసిన నేల.
ఉనికి: ఉండటం.

మీరు చేయండి
1. మీ పాఠశాల ఆవరణలో పది చెట్లను గుర్తించండి. వాటిని తెలుగులో, మీరిప్పుడున్న రాష్ట్ర భాషలో ఏమంటారో రాయండి. తెలుగు పేరు తెలియకపోతే అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి అడగండి.
2. ఆ పదింటిలో ఆ ప్రాంతానికి సొంతమైనవి ఎన్ని? బయటి నుంచి వచ్చినవి ఎన్ని?
3. ఒక క్వారీ యజమాని "లక్ష మొక్కలు నాటాను, నా పని అయిపోయింది" అన్నాడనుకోండి. మీరు ఆయన్ని అడిగే మూడు ప్రశ్నలు రాయండి.