విదిశలోని గరుడధ్వజము

భారతదేశమున నగర నిర్మాణ కళ అతి ప్రాచీనమైనది. సింధు నాగరికతకు చెందిన హరప్పా, మొహంజొదారో, లోథల్ మున్నగు పట్టణములు క్రీ.పూ. 2600 ప్రాంతము నుండి క్రీ.పూ. 1900 ప్రాంతము వరకు వర్ధిల్లి, తిన్నని వీధులకును, కాల్చిన ఇటుకల కట్టడములకును, మురుగు కాలువల ఏర్పాటునకును ప్రసిద్ధి కెక్కినవి. అవి క్షీణించిన పిమ్మట పెక్కు శతాబ్దులు గడచి, క్రీ.పూ. 6వ శతాబ్ది నాటికి గంగా మైదానమునందును, మాళవమునందును మరల నగరములు తలయెత్తినవి. కౌశాంబి, రాజగృహము, ఉజ్జయిని, విదిశ ఈ రెండవ దశకు చెందిన పురములు. వీనిలో విదిశ వైష్ణవ భక్తులకు విశేషముగా స్మరణీయమైనది. శాసనముతో కూడి నేటికిని నిలిచియున్న గరుడధ్వజ స్తంభములలో మిక్కిలి ప్రాచీనమైనది అచ్చటనే యున్నది. ఆ నగరము మట్టిదిబ్బలై పోయినది. ఆలయము పునాదులకు మాత్రమే మిగిలినది. స్తంభము నిలిచినది. అది నిలిచిన తీరులో భక్తజనులు గ్రహింపదగిన పాఠమొకటి కలదు.

రెండు నదుల నడుమ వెలసిన పురము

విదిశ నేటి మధ్యప్రదేశ్ రాష్ట్రములో, భోపాలునకు ఈశాన్యముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. వేత్రవతీ నదియు (నేటి బేత్వా), బేస్ నదియు కలిసికొను చోట, ఆ రెండింటి నడిమి నేలపై ప్రాచీన నగరము వెలసినది. ఆ స్థలమునకు నేడు బేస్‌నగర్ అని పేరు. రెండు వైపుల నదులే అగడ్తలై కాపాడుచుండగా, మిగిలిన పడమటి దిక్కున ఎత్తైన ప్రాకారము నిర్మించి పురజనులు రక్షణ కల్పించుకొనిరి. చెంతనున్న నేటి పట్టణము భిల్సా యను పేరుతో చిరకాలము వ్యవహరింపబడి, 1956లో విదిశ యను ప్రాచీన నామమును తిరిగి పొందినది.

ఈ నగరము సంపన్నమగుటకు ముఖ్య కారణము వర్తక మార్గములు. గంగా యమునా తీర నగరముల నుండి బయలుదేరిన బాటలు విదిశ మీదుగా ఉజ్జయినికిని, అచ్చటి నుండి పశ్చిమ సముద్రతీరమున భరుకచ్ఛ రేవునకును పోయెడివి. గోదావరీ తీరపు ప్రతిష్ఠానము నుండి ఉజ్జయిని, విదిశ, కౌశాంబి మీదుగా శ్రావస్తికి పోవు మార్గము ప్రాచీన బౌద్ధ గ్రంథమైన సుత్తనిపాతములో పేర్కొనబడినది. మహాకవి కాళిదాసు మేఘసందేశములో విదిశను దశార్ణ దేశపు రాజధానిగా వర్ణించెను. మాళవికాగ్నిమిత్ర నాటకమునకు నాయకుడైన అగ్నిమిత్రుడు ఈ విదిశనుండి పాలించినవాడే.

విదిశ శిల్పుల ప్రతిభకు చెంతనున్న సాంచీ స్తూపము నిదర్శనము. దాని దక్షిణ తోరణముపై నున్న ఒక చిన్న శాసనము, అందలి బొమ్మలు విదిశకు చెందిన దంతపు పనివారు చెక్కినట్లు తెలుపుచున్నది. ఏనుగు దంతముపై సూక్ష్మమైన పని చేయుటకు అలవడిన చేతులు ఆ నేర్పునే రాతిలో చూపినవి. ఆ తోరణముననే, శాతకర్ణి మహారాజు కొలువులోని శిల్పులకు పెద్దయైన ఆనందుడనువాడు ఇచ్చిన దానము కూడ లిఖింపబడియున్నది. శాతవాహనుల కాలపు కళాచరిత్రలో విదిశకు గల స్థానము ఇందువలన తెలియనగును.

ఖామ్ బాబా

బేస్ నదికి ఉత్తరపు గట్టున, నగరము వెలుపల, ఏకశిలా స్తంభ మొకటి నిలిచియున్నది. పరిసర గ్రామస్థులు, అందు ముఖ్యముగా బెస్తలు, దానిని 'ఖామ్ బాబా' యని పిలుచుచు తరతరములుగా కొలుచుచుండిరి. ఖామ్ అనగా స్తంభము. మ్రొక్కులు చెల్లించినవారెల్లరు సిందూరము పూయుచు వచ్చుటచే రాతిపై మందమైన ఎర్రని పొర పేరుకొనినది. 1877లో పురాతత్త్వవేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ ఆ స్థలమును పరిశీలించినప్పుడు, ఆ పొర కారణముగా అక్షరములు ఆయనకు కానరాలేదు. ఆకారమును మాత్రమే చూచి, అది గుప్తుల కాలపు స్తంభమై యుండునని ఆయన తలచెను.

1909లో గ్వాలియర్ సంస్థానపు ఇంజనీరు లేక్ అనునతడు స్తంభపు క్రింది భాగమున సిందూరము మాటున అక్షరములున్నట్లు పసిగట్టెను. పొరను తొలగింపగా బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో వ్రాసిన శాసనము వెలువడినది. జాన్ మార్షల్ ఆ వార్తను పండిత లోకమునకు తెలిపెను. కన్నింగ్‌హామ్ ఊహించిన దానికంటె ఆ స్తంభము ఐదు శతాబ్దులకు పైగా ప్రాచీనమని, క్రీ.పూ. 2వ శతాబ్ది చివరి కాలమునకు చెందినదని అప్పుడు తేలినది.

స్తంభ నిర్మాణము చూడదగినది. అడుగు భాగము ఎనిమిది పలకలుగను, దానిపై పదునారు పలకలుగను, ఆపైన ముప్పదిరెండు పలకలుగను చెక్కబడి, చివరకు గుండ్రనిదై, ఘంటాకారపు శీర్షముతో ముగియుచున్నది. శిరోభాగమున నుండవలసిన గరుడ విగ్రహము నేడు లేదు.

యవన దూత సమర్పణము

శాసనము చెప్పు విషయమిది. దేవదేవుడైన వాసుదేవుని ఈ గరుడధ్వజమును భాగవతుడైన హెలియొడోరస్ నిలిపెను. అతడు దియోను కుమారుడు, తక్షశిలా వాస్తవ్యుడు. అంతలికిత మహారాజు పంపగా, కాశీపుత్ర భాగభద్ర మహారాజు సన్నిధికి దూతగా వచ్చిన యవనుడు. అప్పటికి భాగభద్రుని రాజ్యకాలమున 14వ సంవత్సరము నడచుచుండెను.

అంతలికితుడనగా వాయవ్య భారతమును పాలించిన ఇండో-గ్రీకు రాజు ఆంటియాల్కిడాస్. అతని నాణెములు గ్రీకు, ఖరోష్ఠీ లిపులలో లభించినవి. తక్షశిల నేటి పాకిస్తానులో, రావల్పిండికి చేరువనున్నది. అచ్చటి నుండి విదిశకు దూరము వేయి కిలోమీటర్లకు పైమాటయే. అంత దూరము నుండి రాచకార్యముపై వచ్చిన పరదేశీయుడు తన్ను తాను 'భాగవతుడు' అని చెప్పుకొనుట ఈ శాసనమునందలి మహావిశేషము.

వాసుదేవుని పేరు యవనులకు క్రొత్తది కాదు. క్రీ.పూ. 2వ శతాబ్ది తొలి భాగమున పాలించిన అగథోక్లీస్ అను ఇండో-గ్రీకు రాజు నాణెములపై హలధారియైన సంకర్షణుడును, చక్రధారియైన వాసుదేవుడును చిత్రింపబడిరి. ఇట్టి నాణెములు 1970లో ఆఫ్ఘనిస్తానమున ఐ-ఖానుం అను గ్రీకు నగరపు త్రవ్వకములలో దొరికినవి. అంతకు పూర్వమే పాణిని తన అష్టాధ్యాయిలో వాసుదేవుని యందు భక్తి గలవానిని సూచించు పదమునకు వ్యాకరణ నియమము చెప్పియుండెను. భగవద్భక్తి పుట్టుకను బట్టియో, దేశభాషలను బట్టియో హద్దులు గీచుకొనలేదనుటకు హెలియొడోరస్ స్తంభము శిలాక్షరముల సాక్ష్యము.

స్తంభమునకు ఎదుట నుండిన ఆలయము

ధ్వజస్తంభ మున్నచోట దేవాలయ ముండి తీరవలెను. 1913-15 సంవత్సరములలో డి.ఆర్. భండార్కర్ అచ్చట త్రవ్వకములు సాగించెను. తరువాత 1963-65లో ఎం.డి. ఖరే సాగించిన త్రవ్వకములలో స్తంభమునకు చేరువన కోలగానున్న ఇటుక పునాదులు బయల్పడినవి. గర్భగృహము, దాని చుట్టును ప్రదక్షిణ పథము, ముందు మండపము గల ఆలయపు ఆనవాళ్లవి. పై కట్టడము కొయ్యతోను, మట్టితోను కట్టినదగుటచే నిలువలేదు. ఆ తొలి ఆలయము వరదలలో నశింపగా, నేలను మట్టితో ఎత్తు చేసి మరల ఆలయము కట్టిరి. హెలియొడోరస్ ధ్వజము నిలిపినది ఈ రెండవ ఆలయము ఎదుట. అది ఒంటరి స్తంభము కాదనియు, మొత్తము ఎనిమిది స్తంభములు అచ్చట నిలిపిరనియు గుంతల ఆనవాళ్లు తెలుపుచున్నవి.

ఆ పరిసరములలో లభించిన స్తంభ శీర్షములు మరియొక సంగతిని చెప్పుచున్నవి. తాటియాకుల ఆకారపు శీర్షము ఒకటి, మకరాకృతి గల శీర్షము ఒకటి కన్నింగ్‌హామ్‌కు దొరికినవి. తాళధ్వజుడు సంకర్షణుడు. మకరధ్వజుడు ప్రద్యుమ్నుడు. గరుడధ్వజుడు వాసుదేవుడు. వాసుదేవ, సంకర్షణ, ప్రద్యుమ్న, అనిరుద్ధులను చతుర్వ్యూహములుగా ఆరాధించు పాంచరాత్ర సంప్రదాయము నెరిగినవారికి ఈ శిలలు పరాయివిగా తోచవు. నేటికిని వైష్ణవాలయములలో బ్రహ్మోత్సవములు ధ్వజారోహణముతో ఆరంభమగును. తిరుమలలో గరుడుని చిత్రము గల పటము ధ్వజస్తంభముపై కెగురుటతోనే ఉత్సవమునకు దేవతలకు ఆహ్వానము అందినట్లు భావింతురు. వాసుదేవుని సన్నిధిని గరుడధ్వజముతో గుర్తించు ఆచారమునకు విదిశ స్తంభము 2,100 సంవత్సరముల నాటి సాక్ష్యము.

ఉదయగిరి వరాహమూర్తి

ఆలయము నశించినను విదిశలో భక్తి నశింపలేదు. సుమారు ఐదు శతాబ్దుల పిమ్మట, ఆ నగరమునకు కొద్ది దూరముననున్న ఉదయగిరి కొండలో గుప్తుల కాలమున గుహాలయములు తొలిచిరి. అందలి 6వ గుహలో రెండవ చంద్రగుప్తుని సామంతుడు వేయించిన గుప్త సంవత్సరము 82 నాటి, అనగా క్రీ.శ. 401-402 నాటి శాసనమున్నది. 5వ గుహలో భూదేవి నుద్ధరించుచున్న వరాహస్వామి మూర్తి మనుష్య ప్రమాణమునకు రెండింతలకు పైగా ఎత్తున చెక్కబడినది. స్వామి ఒక పాదము మోపి నిలువగా, భూదేవి ఆయన దంష్ట్రను ఆశ్రయించియున్నది. వెనుక ఋషులు బారులు తీరి స్తుతించుచున్నారు. ప్రక్క గోడలపై గంగాయమునలు సముద్రమున చేరు దృశ్యము గలదు. తిరుమలలో ముందుగా ఆదివరాహస్వామిని సేవించి పిమ్మట శ్రీనివాసుని దర్శించు యాత్రికులకు ఈ మూర్తి ఆత్మీయముగా తోచును.

దక్షిణాపథమునకును ఈ భక్తి పురాతన కాలముననే విస్తరించినది. శాతవాహన రాణి నాగనిక నానాఘాట్ కనుమలో వేయించిన శాసనమున సంకర్షణ వాసుదేవుల నామములు కలవు. కృష్ణాతీరమున నాగార్జునకొండలో 3వ శతాబ్ది చివర అష్టభుజస్వామిని ప్రతిష్ఠించినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. ఆ విగ్రహము మేడి కొయ్యతో చేసినది. కొయ్య విగ్రహము కాలగర్భమున కలిసినను, శిలపై నున్న మాట దాని స్మృతిని నిలిపినది.

మూడు మెట్లు

హెలియొడోరస్ స్తంభముపై రెండవ చిన్న శాసనము గలదు. దమము, త్యాగము, అప్రమాదము అను మూడును చక్కగా ఆచరింపబడినచో అమృతపదమునకు చేర్చునని దాని భావము. మహాభారతమునందును ఈ మూడు గుణములు జతగా చెప్పబడినవి. ఇంద్రియములను అదుపున నుంచుకొనుట దమము. తన కున్నదానిలో భగవంతునకును, తోడివారికిని ఇచ్చుట త్యాగము. మెలకువ దప్పకుండుట అప్రమాదము.

ఈ మూడింటిలో అప్రమాదము సులభముగా మరుగునపడునది. ఆ స్తంభపు చరిత్రయే దీనికి దృష్టాంతము. నగరము పాడుపడి, ఆలయము కూలి, దాత పేరు మరచిపోయిన తరువాత కూడ ఆ రాయిని ఎవరును పగులగొట్టక, గోడలకు వాడుకొనక కాపాడినది సామాన్య గ్రామస్థుల మ్రొక్కే. కనుక వారి భక్తికి లోకము ఋణపడియున్నది. అయితే అక్షరములను కప్పివేసినదియు ఆ సిందూరమే. వాసుదేవుని నామము వాసుదేవుని స్తంభము మీదనే చదువువారు లేక మరుగుపడియుండెను. భక్తి రాతిని నిలిపినది, మెలకువ మాటను వెలికి తెచ్చినది. రెండును గూడినప్పుడే దానము సార్థకమైనది.

ఈ పాఠము విదిశకే పరిమితము కాదు. తెలుగు నేలపై ప్రాచీనాలయముల ప్రాకారములు, అధిష్ఠానములు, మండప స్తంభములు శాసనములతో నిండియున్నవి. నందాదీపమునకు ఆవుల నిచ్చినవారు, నైవేద్యమునకు భూమి నిచ్చినవారు, ఉత్సవములకు ధనమిచ్చినవారు తమ దానము ఆచంద్రార్కము నిలువవలెనని కోరి వానిని చెక్కించిరి. శ్రద్ధతో చేయు పనియే ఒక్కొక్కచోట వానికి హాని కావచ్చును. అక్షరములపై సున్నము కొట్టుట, రంగులు పూయుట, నూనె దీపములు వెలిగించి మసి పట్టించుట, పసుపు కుంకుమలు అలుముట, యంత్రములతో ఇసుక చిమ్మి రాతిని కడుగుట, జీర్ణోద్ధారణ వేళ శాసనపు రాళ్లను తలక్రిందుగా పేర్చుట వంటివి పూర్వదాతల మాటను చెరిపివేయును. దీపమును దీపస్థానమున, కుంకుమను పళ్లెరమున సమర్పించినను స్వామికి లోటు రాదు.

తీర్థయాత్రకు పోవు గృహస్థుడు దర్శనానంతరము ప్రదక్షిణము చేయునపుడు గోడలపై అక్షరము లున్నచోట ఒక్క నిమిషము నిలువవచ్చును. వెంటనున్న పిల్లలకు, అది పూర్వము ఎవరో స్వామికి సమర్పించుకొనిన కైంకర్యపు వ్రాలు అని చెప్పవచ్చును. ఆ రాతిని తాకి చెరుపక, గీతలు గీయక, నమస్కరించి సాగిపోవుటయు ఒక కైంకర్యమే. దూరదేశము నుండి వచ్చిన యవనుడు తన భక్తిని రాతిలో నిలిపి వెడలెను. అట్టి వ్రాలను రాబోవు తరములకు చెక్కుచెదరక అందించుట ఈ నేలపై పుట్టిన భాగవతుల విధి. అదియే ఆ స్తంభము బోధించు అప్రమాదము.