కిలోమీటర్లు దాచకు చెల్లీ

కరిజ్మా అమ్మేద్దామనుకుంటున్నానని చెప్పినప్పుడు నీ గొంతులో దిగులు కన్నా బెరుకే ఎక్కువ వినిపించింది చెల్లీ. "లక్ష దాటేసింది కదక్కా, మీటరు చూడగానే వెనక్కి పోతారు" అన్నావు. సెకండ్ హ్యాండ్ బండ్ల షాపాయన మీటరు చూసి పెదవి విరిచి, తుక్కు ధర చెప్పాడట. ఆ మాట మనసులో పెట్టుకోకు. ఆయన నీ దగ్గర కొని, బండి గురించి ఏమీ తెలియనివాళ్ళకి అమ్మాలి. కాబట్టి ఆయనకు తళతళలాడే ట్యాంకు, మీటరులో చిన్న అంకె కావాలి. నీకు కావలసింది బండి తెలిసినవాడు. గుంటూరు కుర్రాడొకడు పాత కరిజ్మా కోసమే వెతుకుతున్నాడన్నావే, అతనితోనే మాట్లాడు.

ఆ కుర్రాడికి దానిమీద అంత మనసెందుకో నాకు బాగా అర్థమవుతుంది. 2003లో హీరో హోండా ఈ బండి తెచ్చేనాటికి, బుల్లెట్‌ను పక్కన పెడితే, మన కుర్రకారు చేతుల్లో ఉన్నవి చాలావరకు నూటఎనభై సీసీ దాటని బండ్లే. ఇది 223 సీసీ, ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. ఎనభైలో పెట్టుకుని రోజంతా పోయినా ఇంజన్ విసుక్కోదు. 2010 చివర్లో హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించాయి. తర్వాత ఆగిపోయిన కరిజ్మా పేరు 2023లో మళ్ళీ వచ్చింది గానీ, అది 210 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజన్, బండే వేరు. ఆ పాత ఇంజన్ కావాలనుకునేవాళ్ళు నీలాంటివాళ్ళ ఇళ్ళ ముందుకే రావాలి.

పైగా ఆ లక్ష ఎలా తిరిగిందో చూడు. నువ్వు ఎక్కువగా హైవే మీద, దూరాలు పోయావు. ఇంజన్ వేడెక్కి, ఆయిల్ అంతటా పాకి, ఒకే వేగంతో నడిచిన కిలోమీటర్లు బండిని అంతగా అరగదీయవు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి సందు చివరిదాకా వెళ్ళి ఆపేసే బండే త్వరగా అరుగుతుంది. ఇక నా మట్టుకు నేను, ఎక్కువ తిరిగిన బండి కన్నా ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న బండికే భయపడతాను. ట్యాంకులో తుప్పు చేరుతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు జిగురుగా గడ్డకడుతుంది, సీళ్ళు ఎండిపోతాయి.

మీటరు వెనక్కి తిప్పిస్తానని ఏ మెకానిక్ అన్నా ఆ ఊసే రానివ్వకు. అది మోసం, ఆ మాట మొదటే చెప్పాలి. మీటరు ఏం చెప్పినా బండి ఒళ్ళంతా నిజం చెబుతూనే ఉంటుంది. ఫుట్‌రెస్టు రబ్బరు నున్నబడి ఉంటుంది, వెనక స్ప్రాకెట్ పళ్ళు సూదిగా మారి ఉంటాయి, డిస్కు అంచున గట్టు కట్టి ఉంటుంది. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే కోన్ సెట్టు అరిగిందో లేదో చేతికే తెలుస్తుంది. ఇవన్నీ ఆ కుర్రాడు చూస్తాడు. అతను రాకముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచకు. తెలిసినవాడెవడైనా ముందు ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు. చల్లగా ఉండగా అతని చేతే స్టార్ట్ చేయించు. నీలం పొగ వస్తే రింగులో వాల్వు సీళ్ళో అరిగినట్టు. రాకపోతే అతనికి కలిగే నమ్మకం నువ్వు వంద మాటలు చెప్పినా వచ్చేది కాదు. అమ్మకానికని కొత్త పెయింటు మాత్రం వేయించకు, కింద ఏ సొట్ట దాచారోనన్న అనుమానం వస్తుంది. శుభ్రంగా కడిగి పెట్టు, చాలు.

ఇంజన్ ఎప్పుడు విప్పారో, బోర్ చేయించావో లేదో, క్లచ్ ప్లేట్లు, ఫోర్కు ఆయిల్ సీళ్ళు ఎప్పుడు మార్చావో అతను అడగకముందే చెప్పు. నీ దగ్గర ఆ బిల్లులన్నీ ఉన్నాయి, చెల్లీ, నీ బండికి అసలు విలువ తెచ్చేవి అవే. టైమింగ్ చైన్ చప్పుడు చేస్తోందనీ, ఎడమవైపు ఫెయిరింగ్ పగిలి అతికించిందనీ కూడా చెప్పు. ఇలా చెబితే కాస్త తగ్గించి అడుగుతాడు, అడగనీ. నువ్వు దాచిన చప్పుడు మరునాడు దారిలో వినిపిస్తే అతనికి నీ మిగతా మాటలన్నీ అబద్ధాలుగానే తోస్తాయి. రెండో తాళం, టూల్ కిట్, విప్పి అటక మీద పెట్టిన అసలు సైలెన్సర్ కూడా ఇచ్చేయి. వాటి కోసం అతను ఊళ్ళు తిరగాల్సి వస్తుంది.

ధర దగ్గర ఒక్కమాట. ఇన్నేళ్ళు దానిమీద పెట్టిన ఖర్చంతా కూడి అడగకు. ఆ డబ్బుకు తగ్గ ప్రయాణాలు నువ్వు చేసేశావు.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెడుతున్న సంగతి చెబుతాను. కొనేవాడు మనలాగే బండి ప్రేమికుడైతే గంటలోనే తమ్ముడైపోతాడు. టీలు తాగుతాం, ఘాట్ రోడ్ల కబుర్లు చెప్పుకుంటాం, ఆ ఊపులో "కాగితాలదేముంది, తర్వాత చూసుకుందాం" అనేస్తాం. ఆ మాట నీ నోట రాకూడదు. బండి చేతులు మారుతూ పోయినా రికార్డులో ఎవరి పేరుందో వాళ్ళే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. గుంటూరులో ఆ కుర్రాడో, అతని దగ్గర తీసుకెళ్ళిన స్నేహితుడో ఎవరినైనా గుద్దితే నోటీసు నీ ఇంటికి వస్తుంది.

నీది ఏపీ 09 నంబరు. హైదరాబాదులో 2014కి ముందు రిజిస్టరైంది కాబట్టి నంబరులో ఏపీ అని ఉన్నా అది ఇప్పుడు తెలంగాణ రికార్డుల్లోని బండే. గుంటూరు వెళ్ళాలంటే ఫారం 28తో ఇక్కడి ఆర్టీఏ దగ్గర ఎన్‌వోసీ తీసుకోవాలి. లైఫ్ ట్యాక్సు కట్టాలో లేదో అక్కడ అతను కనుక్కోవాలి, కొత్త నంబరు వస్తుంది. ఈ పాత నంబరు మీద అతనికి మోజుంటే అది పోతుందని ముందే చెప్పు. ఆర్సీకి 15 ఏళ్ళు దాటాక రెన్యువల్ చేయించావు కదా, గడువు ఇంకా ఉందో లేదో చూసుకో. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉండిపోయి ఉండొచ్చు, దానికి ఫారం 35, బ్యాంకు లెటరు కావాలి. చలాన్లు బాకీ ఉంటే కట్టెయ్. అమ్మినట్టు తెలిపే ఫారం 29 మీద నువ్వు, పేరు మార్చమని కోరే ఫారం 30 మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి మాత్రం ఇవ్వకు.

ఎన్‌వోసీ చేతికి వచ్చేదాకా తాళం ఇవ్వకు. ఇచ్చిన రోజు తేదీతో పాటు గంట కూడా వేసి డెలివరీ నోటు రాయించుకో. డబ్బు బ్యాంకు ద్వారానో యూపీఐలోనో తీసుకుంటే జాడ ఉంటుంది. కొన్నతను 30 రోజుల్లోగా తన పేరున మార్పించుకోవాలి, ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లో తెలపాలి. ఆ నెలంతా వారానికోసారి నువ్వే ఫోన్ చేసి అడుగు. నిజంగా బండిని ప్రేమించేవాడైతే నొచ్చుకోడు, తన పేరున ఆర్సీ చూసుకోవాలని అతనికే తొందరగా ఉంటుంది.

టెస్ట్ రైడ్‌కి ఇచ్చేముందు లైసెన్సు చూడు, హెల్మెట్ పెట్టుకోమను. ఇన్సూరెన్సు అమల్లో లేకపోతే గేటు కూడా దాటనివ్వకు.

వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తాను. ఆ బిల్లులన్నీ తేదీల వారీగా సర్ది పెట్టు. ఫారం 29 రెండు ప్రతులు నేను తెస్తాను, మిగతావి అక్కడే కూర్చుని నింపుదాం. ఆ అబ్బాయిని పదింటికి రమ్మను, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే.