కోయించక ముందే చేపను గుర్తించుట

1960లో మద్రాసు రాష్ట్రంలో చేరిన తిరుత్తణి ప్రాంతంలో తెలుగు, తమిళం రెండూ నేటికీ వినిపిస్తాయి. అయినను చేపల అంగడిలో పేర్లు తేడాపడుట వలన తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణాలకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు పొరబడుట సహజం. తమిళంలో ‘కెండై’ అనునది సాధారణంగా కార్పు కుటుంబపు చేపలకు వాడు మాట. కాని ‘జిలేబి కెండై’ అని పిలిచే తిలాపియా ఆ కుటుంబానికి చెందదు. అది ఆఫ్రికా నుండి వచ్చిన జాతి. 1952లో మన దేశంలో ప్రవేశపెట్టారు. కావున పేరును గాక రూపమును నమ్ముట మేలు.

కార్పు కుటుంబపు చేపకు తలపై పొలుసులుండవు, దవడలలో పళ్లుండవు. నమలు పళ్లు గొంతులో ఉంటాయి. వీపుపై ఒకే వాజం ఉంటుంది. తిలాపియా వీపు వాజపు ముందు భాగమంతా గుచ్చుకొను ముళ్లే. దాని పక్కనుండు పార్శ్వరేఖ మధ్యలో తెగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కార్పులలో ఆ రేఖ తెగక తోక వరకు సాగుతుంది.

ఇక కార్పులలో ఏది ఏదో నోరే చెబుతుంది.

బొచ్చె: తల పెద్దది, నోరు వెడల్పైనది. కింది దవడ పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు. నీటి పైపొరలో మేస్తుంది.

శీలావతి (రోహు): తల చిన్నది. పెదవుల అంచున కుచ్చు వంటి మడతలుంటాయి. నడిమి నీటిలో మేస్తుంది.

ఎర్రమోసు (మృగాల్): ఒడలు సన్నగా, పొడవుగా ఉంటుంది. మూతి మొద్దుగా ఉండి, నోరు కిందివైపుకు తెరుచుకుంటుంది. అడుగున మేస్తుంది.

బంగారుతీగ: నోటి వద్ద రెండు జతల మీసాలు, వీపుపై పొడవైన వాజం, దాని మొదట రంపపు పళ్ల వంటి ముల్లు.

మొదటి మూడును గంగా పరీవాహక ప్రాంతపు చేపలు. వేర్వేరు లోతులలో మేయుట వలననే వాటిని ఒకే చెరువులో కలిపి పెంచగలుగుతున్నారు.

తల, వాజాలు తీసివేసి ముక్కలు చేసిన పిదప ఈ గుర్తులేవీ మిగలవు. ధర చేపను బట్టి మారును గనుక, కోయక ముందే నిండు చేపను చూపమని అడుగవలెను. నోరు, మీసాలు, వీపు వాజం, పార్శ్వరేఖ వరుసగా పరిశీలించి, మొప్పలెత్తి ఎర్రగా ఉన్నవో లేదో చూడవలెను. కళ్లు తేటగా ఉండి, వేలితో నొక్కిన చోట కండ వెంటనే పైకి లేచినచో చేప తాజాది. ఆ తరువాతనే తూకం వేయించుట క్షేమం.