రైతు మాట నుంచి పరిశోధన ఫలితం వరకు: గుణాత్మక దత్తాంశ విశ్లేషణలో సాఫ్ట్‌వేర్ వినియోగం

వ్యవసాయ విస్తరణ పరిశోధనలో అంకెల విశ్లేషణకు స్థిరమైన పద్ధతులు ఉన్నాయి. ముఖాముఖి సంభాషణలు, బృంద చర్చల ద్వారా లభించే మాటలు మాత్రం తరచుగా సిద్ధాంత వ్యాసం చివర "రైతుల అభిప్రాయాలు" అనే ఒక పట్టికకు పరిమితమవుతాయి. గుణాత్మక దత్తాంశ విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఈ లోటును తీర్చడానికి తోడ్పడుతుంది. అయితే అది మాటలను అమర్చి, వెదికి, పోల్చి చూపుతుందే తప్ప వాటి అర్థాన్ని నిర్ణయించదు. బాపట్ల తీరంలోని ఉప్పునీటి సమస్య ఉదాహరణగా దీనిని నేర్చుకునే క్రమం ఇక్కడ వివరించబడింది.

క్షేత్ర నేపథ్యం

వాడరేవు, బాపట్ల తీరంలోని ఇసుక నేలల్లో ఇంకిన వర్షపు నీరు, బరువైన ఉప్పునీటిపై మంచినీటి పొరగా నిలుస్తుంది. ఈ నీటిని రైతులు తరతరాలుగా దొరువులు తవ్వి వాడుకుంటున్నారు. భూమిలో అడ్డంగా అమర్చిన రంధ్రాల గొట్టాల ద్వారా ఈ నీటిని ఒక బావిలోకి చేర్చే మెరుగైన దొరువు పద్ధతిని బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం శాస్త్రవేత్తలు రూపొందించారు. పంపు అధికంగా నడిస్తే కింది ఉప్పునీరు పైకి ఉబుకుతుంది. అందువల్ల తక్కువ లోతు నుంచి నెమ్మదిగా నీటిని తీసుకోవడమే ఇందులోని కీలకం.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

ఎన్‌వివో, అట్లాస్.టిఐ, మాక్స్‌క్యూడీఏ విస్తృతంగా వాడుకలో ఉన్న వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లు. ఎన్‌వివోకు మూలమైన సాఫ్ట్‌వేర్‌ను 1980ల ఆరంభంలో ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో లిన్ రిచర్డ్స్, టామ్ రిచర్డ్స్ రూపొందించారు. ఖరీదు భరించలేని విద్యార్థులకు టాగెట్, క్వాల్‌కోడర్ ఉచితంగా లభిస్తాయి. వాక్యాలను గుర్తించి సంకేతాలు ఇవ్వడం నేర్చుకోవడానికి టాగెట్ సరిపోతుంది. శబ్ద, దృశ్య దత్తాంశానికి, ఇద్దరు పరిశోధకుల సంకేతాలను పోల్చడానికి క్వాల్‌కోడర్ అనువైనది.

పాఠ్యం సిద్ధం చేయడం

సంభాషణలను రైతు మాట్లాడిన యాసలోనే, తెలుగు యూనికోడ్‌లో లిప్యంతరీకరించాలి. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యాన్ని సాఫ్ట్‌వేర్ తెలుగుగా గుర్తించదు. ముందుగానే ఆంగ్లంలోకి అనువదిస్తే "చవుడు", "ఉప్పెక్కింది", "ఉప్పు తగిలింది" అనే వేర్వేరు పరిశీలనలు ఒకే పదంగా మారిపోయే ప్రమాదం ఉంది. రైతు పేరుకు బదులు ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, నేల రకం, సొంత సాగు లేదా కౌలు, నీటి వనరు వంటి వివరాలను లక్షణాలుగా నమోదు చేయాలి.

సంకేతాలు ఇవ్వడం

ఒక రైతు ఇలా చెప్పినట్లు భావించవచ్చు: "మోటారు రెండు గంటలు ఆడితే ఉప్పు తగులుద్ది. ఆపి మళ్ళీ పొద్దున ఏస్తే మంచినీళ్ళే వస్తయ్." ఆరంభ దశలోని విద్యార్థి దీనికి "ఉప్పు సమస్య" అనే ఒకే సంకేతం ఇచ్చి ముందుకు సాగవచ్చు. నిజానికి ఇందులో మూడు విషయాలు ఉన్నాయి: పంపు నడిపే వ్యవధి, విరామంతో నీరు తేరుకోవడం, రుచి ద్వారా రైతు చేసే పరీక్ష. మూడింటికీ వేర్వేరు సంకేతాలు ఇవ్వాలి. ఒకే వాక్యానికి ఎన్ని సంకేతాలైనా ఇచ్చే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

ప్రతి సంకేతానికి పేరు, నిర్వచనం, దాని కిందికి వచ్చేవి, రానివి, ఒక ఉదాహరణ వాక్యం సంకేత పుస్తకంలో రాయాలి. నాలుగైదు సంభాషణలు పూర్తయ్యాక సంకేతాలను సవరించి, మొదటి సంభాషణలను తిరిగి చదవాలి. పరస్పర సంబంధం గల సంకేతాల నుంచి ఇతివృత్తాలు రూపొందుతాయి. ఆ సమయంలో కలిగే సందేహాలను, ఆలోచనలను తేదీతో సహా మెమోలుగా నమోదు చేయాలి.

తెలుగు పాఠ్యంలో శోధన పరిమితులు

పద పౌనఃపున్య పట్టికను తెలుగులో యథాతథంగా స్వీకరించరాదు. నీరు, నీటికి, నీళ్లు, నీళ్ళు అనే రూపాలను సాఫ్ట్‌వేర్ నాలుగు వేర్వేరు పదాలుగా లెక్కిస్తుంది. "ఉప్ప" అనే అక్షరాల వరుసను వెదికితే ఉప్పు, ఉప్పగా, ఉప్పెక్కింది అనే మాటలతో పాటు ఉప్పెన కూడా వస్తుంది. 1977 ఉప్పెనను గుర్తుచేసుకునే వృద్ధ రైతు మాట అప్పుడు సాగునీటి ఉప్పుదనంలో చేరిపోతుంది. అతడు ఉప్పెన తరువాత పొలంలో మిగిలిన ఉప్పు గురించి చెప్పి ఉంటే ఆ మాట అక్కడ ఉండదగినదే. ఈ తేడా చదివినవారికే తెలుస్తుంది. శోధన ఫలితాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన తరువాతనే సంకేతం ఇవ్వాలి.

విశ్వసనీయత

ఇద్దరు పరిశోధకులు కొన్ని సంభాషణలకు విడివిడిగా సంకేతాలు ఇచ్చి పోల్చుకోవాలి. యాదృచ్ఛికంగా కుదిరే ఏకాభిప్రాయాన్ని సరిదిద్ది చూపే కప్పా గుణకాన్ని జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించారు. గుణకం విలువ కంటే భేదాభిప్రాయం ఎక్కడ వచ్చిందో చర్చించడం ఎక్కువ ప్రయోజనకరం. సంకేత నిర్వచనంలోని అస్పష్టత అక్కడే బయటపడుతుంది. అలాగే ఉద్దేశపూర్వకంగా ఎంపిక చేసిన 20 మందిలో 12 మంది ఒక మాట చెప్పినంత మాత్రాన, ఆ ప్రాంత రైతుల్లో 60 శాతం మంది అభిప్రాయం అదేనని రాయకూడదు.

ముగింపు

సంకేతం ఎంపిక సిఫారసును కూడా మారుస్తుంది. పై రైతు మాట "ఉప్పు సమస్య"గా మాత్రమే నమోదైతే, ఉప్పును తట్టుకునే పంటలు వేయాలనే సలహాతో నివేదిక ముగియవచ్చు. వ్యవధి, విరామం అనే సంకేతాలు నిలిస్తే, పంపును ఎంతసేపు నడపాలి, ఎప్పుడు ఆపాలి అనే విషయాలపై శిక్షణ అవసరమని తేలుతుంది. మెరుగైన దొరువు వెనుక ఉన్న సూత్రాన్ని ఆ రైతు అనుభవం ద్వారా గ్రహించాడని కూడా వెల్లడవుతుంది. విస్తరణ శాస్త్రవేత్త అతనితో సంభాషణను అక్కడి నుంచే ఆరంభించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లోని మీటలు కొద్ది రోజుల్లో అలవాటవుతాయి. రైతు వాక్యాన్ని తొందరపడి కుదించకుండా చదవడానికి మాత్రం దీర్ఘకాల సాధన అవసరం.