రంగుల గ్రాఫును నలుపు తెలుపులలోనికి మార్చుట

మన నేతవారి డిజైను గ్రాఫులు ఇప్పుడు కంప్యూటరులో తయారగుచున్నవి. షోలాపురములో గీచిన అంచు క్షణములో సేలములోని ఇంటికి చేరును. కాని రంగుల అచ్చు ఖర్చుతో కూడినదగుటచే పెక్కుమంది దానిని నలుపు తెలుపులలోనే తీయించుకొనుచున్నారు. ఇందు ఒక చిక్కు కలదు.

మేమే ఒకమారు నష్టపోతిమి. ఎర్రని పువ్వు, ముదురాకుపచ్చని ఆకు గల అంచును ఇట్లే అచ్చు తీయించి అట్టలు కొట్టించితిమి. కాగితముపై పువ్వు, ఆకు ఒకే బూడిద ఛాయలో నుండుటచే రెండును ఒకటిగానే కొట్టబడెను. మగ్గముపై నాలుగు అంగుళములు నేసిన పిదప గాని తప్పు తెలియలేదు. అట్టలు, జరీ, రెండు దినముల కూలి వృథా అయ్యెను.

కారణమేమి? కంప్యూటరు ప్రతి రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు అంకెలుగా ఉంచుకొనును. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండును. మూడింటిని ఒకే ఛాయగా కలుపునపుడు సమభాగములు తీసికొనదు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా తోచును గనుక, వాడుకలోనున్న లెక్క ప్రకారము నూటికి 71.52 పాళ్లు ఆకుపచ్చ నుండి, 21.26 ఎరుపు నుండి, 7.22 నీలము నుండి తీసికొనును. నిండు ఎరుపు 255కు ఈ లెక్కన 54 వచ్చును. ముదురాకుపచ్చ 76కును 54 వచ్చును. కంటికి ఆమడ దూరమున్న రెండు రంగులు కాగితముపై ఒక్కటైపోవును!

ఈ పనికి ఇమేజ్‌మేజిక్ అను ఉచిత పనిముట్టు కలదు. నైలానును 1938లో ప్రకటించిన డుపాంట్ కంపెనీలో పనిచేయుచు జాన్ క్రిస్టీ 1987లో దీనిని మొదలిడెను. 1990లో ఉచితముగా విడుదలయ్యెను. టెర్మినల్ అను తెర తెరచి ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరములతో కొట్టవలెను. ఇచ్చట పలుకుబడిని మాత్రమే తెలుగులో ఇచ్చుచున్నాము.

మొదటి ఆజ్ఞ: మేజిక్ పాతది.పిఎన్‌జి -కలర్‌స్పేస్ గ్రే కొత్తది.పిఎన్‌జి

మేజిక్ మాట చివర 'కె' ఉండవలెను. కలర్ మాటలో 'యు' ఉండరాదు. వచ్చిన బొమ్మలో రంగులు కలిసిపోయిన యెడల రెండవ ఆజ్ఞ వాడుడు.

రెండవ ఆజ్ఞ: మేజిక్ పాతది.పిఎన్‌జి -ఛానల్ జి -సెపరేట్ కొత్తది.పిఎన్‌జి

ఇది ఆకుపచ్చ అంకెను మాత్రమే తీయును. అప్పుడు మా ఎర్రని పువ్వు 0, అనగా నిండు నలుపు. ఆకు 76, అనగా ముదురు బూడిద. తెల్లని నేల తెలుపుగానే నిలుచును. మూడును వేరువేరుగా కనబడును. 'జి'కి బదులు 'ఆర్' పెట్టి ఎర్ర అంకెను తీసిన యెడల పువ్వు తెల్లబడి నేలలో కలిసిపోవును. కావున ఏ అంకె తీయవలెనో డిజైనును బట్టి చూచుకొనవలెను.

గ్రాఫు పిడిఎఫ్ రూపముననున్న ఘోస్ట్‌స్క్రిప్ట్ అను మరియొక ఉచిత పనిముట్టు కలదు. జిఎస్ -ఓ కొత్తది.పిడిఎఫ్ -ఎస్‌డివైస్=పిడిఎఫ్‌రైట్ -ఎస్‌కలర్‌కన్వర్షన్‌స్ట్రాటజీ=గ్రే పాతది.పిడిఎఫ్ అని కొట్టవలెను. ఇందు డివైస్ అంతయు పెద్ద అక్షరములు; కలర్, కన్వర్షన్, స్ట్రాటజీ, గ్రే మాటలకు మొదటి అక్షరము మాత్రమే పెద్దది. అడ్డగీతల ప్రక్కనున్న 'ఓ', 'ఎస్' చిన్నవి.

కొన్ని జాగ్రత్తలు:

1. కొత్త ఫైలునకు వేరు పేరు పెట్టుడు. పాత పేరే పెట్టిన రంగుల మూలము చెరిగిపోవును.
2. ఫైలు పేరులో ఖాళీలు విడువకుడు.
3. ఒక పుట తీసి చూచిన పిదపనే మిగిలినవి తీయుడు.
4. గ్రాఫులో ప్రతి రంగునకు ఒక అంకె గాని గుర్తు గాని వేయుడు. ఛాయ మోసగించినను గుర్తు మోసగింపదు.

అచ్చు ఖర్చు మిగుల్చుకొనుట మంచిదే. కాని అట్ట కొట్టుటకు ముందు ఆ కాగితమును ఇంటిలో మరియొకరి చేతికిచ్చి, పువ్వేదో ఆకేదో చూపుమని అడుగుడు. వారు తడబడిన యెడల ఆ కాగితము మగ్గమునకు పనికిరాదని గ్రహింపవలెను.