తలూపితే అర్థమైనట్టేనా?

అమ్మాయీ,

ఆ ఇథియోపియా అబ్బాయి ప్రతిదానికీ "సరే మేడమ్" అంటాడు, నెల తిరిగినా కాగితం కదలదు, ఇది బద్ధకమా లెక్కలేనితనమా అని అడిగావు. ముందు నువ్వు చెప్పింది అతనికి అందిందో లేదో చూడు. నువ్వు పంపిన అతని థీసిస్ అధ్యాయంలో మూడు చోట్ల మార్జిన్‌లో "ఇంకా లోతుగా" అని రాశావు. లోతంటే ఇంకో నాలుగు పుస్తకాలు చదవడమా, డేటా మళ్లీ తిరగేయడమా, అసలు వాదనే మార్చడమా? మన పిల్లలైతే టీ దగ్గర సీనియర్‌ని పట్టుకుని, హిందీలో అడిగి, మేడమ్ ఉద్దేశం తేల్చుకుంటారు. అతనికి ఆ సీనియర్ లేడు. "నీ ప్రశ్న ఏడో పేజీదాకా కనబడలేదు, మొదటి పేరాలోకి తీసుకురా, పదిహేనో తారీఖుకల్లా పంపు" అని రాసి చూడు. అప్పటికీ చెయ్యకపోతే గట్టిగా అడుగు, తప్పులేదు.

పీహెచ్‌డీ వాడికి ఓనమాలు దిద్దించాలా అంటావు. దిద్దించమనడం లేదు. పని అతనిదే, ఆ పనికి ఇక్కడి నియమాలేమిటో చెప్పడం నీది. జపాన్‌లో ప్రొఫెసర్ ముక్తసరిగా మాట్లాడినా నడుస్తుందిగా అని ఇదివరకే అన్నావు. అక్కడ ఆ ప్రొఫెసర్ వెనక ల్యాబ్ ఉంది. చాలామంది విదేశీయులు డిగ్రీలో చేరకముందే కొన్నాళ్లు కెన్‌క్యూసెయ్‌గా, అంటే పరిశోధక విద్యార్థిగా, అక్కడ మెలుగుతారు. సెమినార్లలో సెన్‌పాయ్‌లను, అంటే సీనియర్లను, చూసి ఎవరూ నోటితో చెప్పని పద్ధతులు పట్టుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ట్యూటర్‌గా ఇంకో విద్యార్థిని పెట్టే యూనివర్సిటీలూ ఉన్నాయి. అంతమంది ఉన్నచోట కూడా ప్రొఫెసర్ మౌనం వల్ల నలిగిపోయేవాళ్లు నలుగుతూనే ఉంటారు. ఢిల్లీలో, ల్యాబ్ లేని మీ సబ్జెక్టులో, అతనికి డిపార్ట్‌మెంటంటే నీ గది ఒక్కటే.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నలుగురు స్కాలర్లు, విదేశీయులైతే ఆ పైన ఇద్దరిదాకా. సీట్ల లెక్కలో వాళ్లు అదనమే గాని, వాళ్ల కోసం నీ రోజుకి అదనపు గంటలేవీ రావు. ఒప్పుకునేముందే ఆలోచించాల్సింది. అడ్వైజరీ కమిటీ ఉందిగా అనకు, అది సెమిస్టర్‌కోసారి కూర్చుంటుంది. అప్పటికి అరేడాది పోతుంది. అతని వీసాకి తారీఖుంది, పొడిగింపుకి యూనివర్సిటీ కాగితం కావాలి, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టడం అతనికి సులువు కాదు.

సోమవారం పిలువు. అరగంట మాట్లాడాక, ఏం అర్థమైందో నాలుగు వాక్యాల్లో అతన్నే రాసి పంపమను. కోప్పడటం ఆ కాగితం చదివాక చూద్దాం.